కూర్చునే ఉద్యోగం

కిసెంబే వ్యాన్ల స్టేజీలో ఒక మనిషి ముందరి పన్ను ఊడేసరికి ఇంకా సరిగ్గా తెల్లవారలేదు.

పన్ను ఊడినవాడు పచ్చబండ్ల కండక్టరు. కోటు వేసుకుని నైరోబీ ఆఫీసుకు బయల్దేరిన ఒక పెద్దాయన ఎడమ చెయ్యి అతను పట్టుకుంటే, కుడి చెయ్యి ఎర్రబండ్ల కిలోంజో పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు లాగారు. కోటు చంక దగ్గర చిరిగింది. "వదలండ్రా, నా కాళ్ళతో నేను ఎక్కుతాను" అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. కిలోంజో మోచేత్తో పచ్చబండివాడి మూతి మీద ఒక్కటిచ్చాడు. వాడు నోరు పట్టుకుని బురదలో కూలబడ్డాడు. కిలోంజో పెద్దాయన్ని ఎర్ర మటాటు వ్యానులోకి తోసి, చేతికంటిన నెత్తురు ప్యాంటుకు తుడుచుకుని, ఏమీ జరగనట్టు కేక అందుకున్నాడు. "నైరోబీ, నైరోబీ. రెండే సీట్లు. ఎక్కితే బయల్దేరడమే."

రెండే సీట్లన్నది అబద్ధం. ఆ వ్యానులో నిజంగా నైరోబీ వెళ్ళేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది. మిగతావాళ్ళు డమ్మీలు. ఖాళీ బండిలో ముందుగా ఎక్కి ఎదురుచూస్తూ కూర్చోవడానికి కిసెంబేలో ఎవడూ సిద్ధపడడు. నిండిన బండి కనిపిస్తే మాత్రం ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటూ ఎక్కుతారు. అందుకని స్టేజీవాళ్ళు కూలి ఇచ్చి మనుషుల్ని కూర్చోబెడతారు. అసలు మనిషి ఒకడు ఎక్కగానే డమ్మీ ఒకరు, ఏదో మర్చిపోయినట్టు, ఫోనొచ్చినట్టు దిగిపోయి వెనకబండిలో కూర్చుంటారు. పొద్దెక్కేదాకా అంతే. ఊరు ఊరంతా నైరోబీకి వెళ్ళిపోతుంది, వీళ్ళు మాత్రం స్టేజీ దాటరు.

ముంబువాది కిటికీ పక్క సీటు. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఇస్త్రీ చేసిన నీలం స్కర్టు, పాతబట్టలు కుక్కి బరువుగా కనిపించేట్టు చేసిన హ్యాండ్‌బ్యాగు, ఎప్పుడో ఆగిపోయిన గడియారం. ఎవరైనా బండి దగ్గరకొచ్చి తటపటాయిస్తుంటే ఆ గడియారం చూసుకుని, నాలుక చప్పరించి, "ఇంకా ఎంతసేపయ్యా, మా మేనేజరు నన్ను తినేస్తాడు" అనేది. ఆ విసుగు చూసి బ్యాంకు గుమాస్తాలు కూడా మోసపోయి ఎక్కేవాళ్ళు. బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టిన చెయ్యి ఆమెది. ఫ్యాక్టరీకి తాళం పడ్డాక కూర్చోవడం నేర్చుకుంది.

ఆ ఉదయమే పడమటి యాస మనిషి ఒకతను బండెక్కాడు. పేరు బరాసా అన్నాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. జిల్లావాళ్ళు పంపారట. ఊళ్ళో ఎవరికి పనుంది, ఎవరికి లేదు, ఎంతమంది నైరోబీకి పోయి బతుకుతున్నారు అని అడిగి రాసుకోమన్నారట.

"మీరెక్కడ పని చేస్తారక్కా?"

"బ్యాంకులో" అంది ముంబువా, కళ్ళార్పకుండా.

పక్కనే ఉన్న కలేక్యే, ఆమె కూడా డమ్మీయే, "నేను స్కూల్లో టీచర్ని" అంది. ఆమెకు సంతకం పెట్టడం రాదు. వెనకసీటు ముసలాయన హోటల్లో వంటవాణ్ణన్నాడు. నలుగురు నిజం ప్యాసింజర్లు వింటుండగా ఇంకేం చెప్తారు? బరాసా అందర్నీ నమ్మి, థాంక్సులు చెప్పి దిగిపోయాడు.

మర్నాడు అతను ముంబువాను మందాజీ బూరెలు వేయించే కొట్టు దగ్గర పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే, టీ గ్లాసు పట్టుకుని పక్కన బల్లమీద కూర్చున్నాడు. రోడ్డు అవతల ఇద్దరు స్టేజీ కుర్రాళ్ళు మూడోవాణ్ణి బెల్టుతో కొడుతున్నారు. వాడు తలమీద చేతులు పెట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాడు. కొట్టులో ఎవరూ తల తిప్పలేదు, కొట్టామె మాత్రం నూనె మీద దుమ్ము పడకుండా మూత అడ్డం పెట్టింది.

"నిన్న బ్యాంకన్నారు" అన్నాడు బరాసా. "ఇవాళ పొద్దున వేరే బండిలో కూర్చుని ఎవరితోనో ఆసుపత్రన్నారు. మీరు ఇంకా ఇక్కడే ఉన్నారు. బండ్లు మాత్రం మూడు వెళ్ళిపోయాయి."

ముంబువాకు నవ్వొచ్చింది. "నువ్వు కాస్త నెమ్మదిగా చూసే మనిషివి తమ్ముడూ. నిన్ననే కనిపెట్టాల్సింది."

"చెప్పండి, ఎవరికీ చెప్పను. మీ పనేంటి?"

"కూర్చోవడం."

అతను అర్థంకాక చూశాడు. ఆమె చెప్పింది. డమ్మీలు ఎంతమందో, బండి ఎలా నింపుతారో, ఎవరు కూలి ఇస్తారో, ఎవరు ఆ కూలిలో సగం లాక్కుంటారో అన్నీ చెప్పింది. ఇన్నాళ్ళూ ఆమెను ఆ మాట అడిగినవాడు లేడు. అడిగితే చెప్పాలని ఇంత ఉందని ఆమెకే తెలియదు.

బరాసా టీ తాగడం మర్చిపోయాడు. "మరి నాకు ఊళ్ళో అందరికీ నైరోబీలో పనుందని చెప్పారే. మీకు తెలుసా అక్కా, మూసేసిన ఫ్యాక్టరీ స్థలంలో కుట్టు షెడ్లు కట్టాలా, లేక రోడ్డు వెడల్పు చేసి ఊరుకోవాలా అన్నది మేం చెప్పేదాన్ని బట్టే ఉంటుంది. అందరూ పనికి పోతున్నారంటే రోడ్డే వేస్తారు."

ముంబువా చేతిలో మందాజీ అలాగే ఉండిపోయింది. కుట్టు షెడ్లు. ఆ మాట వినగానే ఆమె బొటనవేలు తనంతట తాను చూపుడువేలికి రాసుకుంది, గుడ్డ మడత సరిచేస్తున్నట్టు. "అయితే నాకు పని లేదని రాసుకో. కలేక్యేకి కూడా లేదు. ముసలాయనకి అసలే లేదు."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ బరాసా నిజాయితీపరుడు. నిజాయితీపరులకు బుర్ర కాస్త తక్కువ ఉంటుందని నేనను, కానీ స్టేజీలో బతికే బుర్ర మాత్రం ఉండదు. తర్వాతి రోజు, ఆఫీసులకు పరిగెత్తే వేళ, నిండుగా ఉన్న ఎర్రబండి తలుపు దగ్గర నిలబడి, లెక్క సరిచూసుకోవడానికి గట్టిగా అడిగాడు. "దయచేసి అందరూ వినండి. నిజంగా నైరోబీ వెళ్ళేవాళ్ళు మాత్రం చెయ్యెత్తండి."

నాలుగు చేతులు లేచాయి. ఆ నలుగురూ చుట్టూ చూశారు. ఎత్తని చేతులన్నీ ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి. డమ్మీలున్నారని అందరికీ వినికిడే, కానీ కళ్ళారా చూడటం వేరు. "దొంగ నాయాళ్ళు, వీళ్ళని నమ్మి గంటలకొద్దీ కూర్చున్నామా" అంటూ ఒకాయన దిగాడు. ఆయన వెనక మిగతావాళ్ళు దిగారు. పక్క ఎర్రబండిలోంచి కూడా దిగారు. అంతా వెళ్ళి పచ్చబండ్లెక్కారు. పన్ను ఊడిన కండక్టరు వాచిన మూతితోనే వాళ్ళను చేతులు జోడించి ఎక్కించుకున్నాడు.

స్టేజీ చైర్మన్ ముసెంబి వచ్చేసరికి ఎర్రబండి నిజంగానే ఖాళీగా ఉంది. మనిషి పొట్టి, మెడ లేదు, నవ్వుతూ మాట్లాడతాడు. అతను నవ్వుతూనే కిలోంజోను పిలిచాడు, టైరు విప్పే పానా అందుకున్నాడు, నవ్వుతూనే కిలోంజో భుజం మీద కొట్టాడు. రెండో దెబ్బ తలమీద పడింది. "నీ తలుపు దగ్గర నిలబడి వాడు నా పొట్ట కొడుతుంటే నువ్వు ఏం చేస్తున్నావురా?" కిలోంజో చెవి వెనకనుంచి నెత్తురు చొక్కాలోకి దిగింది. మొన్న అతను కొట్టాడు, ఇవాళ అతన్ని కొట్టారు. స్టేజీలో దెబ్బలు పైనుంచి కిందికే వస్తాయి.

తర్వాత ముసెంబి ముంబువా దగ్గరకొచ్చాడు. ఆమె లేచి నిలబడింది.

"కూర్చో తల్లీ. నీ పనే అది కదా." ఆమె పక్కన కూర్చుని, పానా మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "మందాజీ కొట్టు దగ్గర వాడికి నువ్వే చెప్పావట."

"పని కోసం అడుగుతున్నాడు అన్నా. జిల్లావాళ్ళ మనిషి."

"జిల్లావాళ్ళో, పచ్చబండ్లవాళ్ళో. కార్డు ఎవడైనా చేయించుకుంటాడు." నవ్వాడు. "నువ్వు చెప్పిన మాటవల్ల వచ్చిన గొడవ నీ మాటతోనే పోవాలి. రేపు వాడు బండి దగ్గరకు రాగానే, నా ఫోను లాక్కున్నాడు, దొంగ అని ఒక్క కేక వెయ్యి. మనవాళ్ళు రెండు తగిలించి తరిమేస్తారు. భయపడితే చాలు, ఇంకేం లేదు."

"నా వల్ల కాదన్నా."

"కాకపోతే రేపట్నుంచి నీ సీట్లో వేరే ఆమె కూర్చుంటుంది. ఈ స్టేజీలోనే కాదు, ఏ స్టేజీలోనూ నీకు సీటుండదు. ఇంట్లో ఏం కూర్చుని తింటావు?" పానా చివరతో ఆమె బ్యాగును మెల్లిగా తట్టాడు. లోపలి పాతబట్టలు మెత్తగా నొక్కుకున్నాయి.

ఆ రోజు ముంబువా మొక్కజొన్న పిండి ఉగాలి వండుకుని తినలేక పక్కన పెట్టింది. రెండు తగిలించి తరిమేస్తారు, అంతే కదా అని తనకు తాను చెప్పుకుంది. స్టేజీలో రోజుకు ఎంతమంది దెబ్బలు తింటున్నారు, ఎంతమంది మర్నాడు లేచి వస్తున్నారు? ఎలా చూసుకున్నా తనకు తాను అబద్ధం చెప్పుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. కిసెంబేలో 'దొంగ' అన్న కేక ఏం చేస్తుందో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు.

మర్నాడు బరాసా నవ్వుతూ వచ్చాడు. కిటికీలోంచి ఆమెను చూసి చెయ్యెత్తాడు. "అక్కా, మీ మాట పైవాళ్ళకు చెప్పాను. షెడ్ల సంగతి మళ్ళీ చూస్తామన్నారు."

ముసెంబి టైర్ల కొట్టు ముందు నిలబడి ఆమెనే చూస్తున్నాడు. ముంబువా నోరు తెరిచింది. మూసింది. రెండోసారి తెరిచింది.

"నా ఫోను. దొంగ. దొంగ."

ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. బరాసా వెనక్కి తిరిగి చూశాడు, దొంగ ఎక్కడున్నాడా అని. అంత అమాయకుడు.

ముందు దెబ్బ ముసెంబి మనిషిదే. తర్వాతివి వాళ్ళవి కావు. బండ్లకోసం నిలబడ్డవాళ్ళు, ఇస్త్రీ చొక్కాలవాళ్ళు, కార్డులు మెడలో వేసుకున్నవాళ్ళు, చంకలో మధ్యాహ్నం తిండి డబ్బా ఉన్నవాళ్ళు వచ్చి కలిశారు. డబ్బా కింద పెట్టి మరీ రాళ్ళు తీసుకున్నారు. నీలం చొక్కా మనిషి ఒకడు, ముంబువాకు ఎప్పుడూ బండిలో కనిపించేవాడు, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, మెరిసే బూటుతో బరాసా నోటిమీద తన్నాడు. మళ్ళీ తన్నాడు. రాయి తగిలి బరాసా నుదురు విచ్చుకుంది. అతను "కాదు, కాదు" అంటున్నాడు. తర్వాత ఆ మాట కూడా నెత్తురుతో నిండి బుడగలయింది. మెడలో కార్డు తాడు పట్టి ఎవరో వెనక్కి లాగారు. అతని చేతిలోని ఫోను కాళ్ళకింద పడి నలిగింది.

ముసెంబి మొహంలో నవ్వు పోయింది. "చాలు, చాలు, వదలండి" అంటూ గుంపులోకి చేతులు పెట్టాడు. ఎవరో వెనక్కి తిరక్కుండానే మోచేత్తో అతని ఛాతీ మీద పొడిచారు. తూలిపడి బయటకొచ్చాడు. పంక్చర్ కొట్టులోంచి ఒకడు, మెడకు వేసి అంటించడానికి, పాత టైరు దొర్లించుకుంటూ వచ్చాడు. ఇంకొకడు కిరసనాయిలు అడుగుతున్నాడు. ముంబువా బండి దిగి, "అబద్ధం, ఫోను నా దగ్గరే ఉంది" అని అరిచింది. బ్యాగులోంచి ఫోను తీసి ఎత్తి చూపించింది. ఎవరూ వినలేదు. మనిషి వెన్ను మీద మనిషి వెన్ను గోడలా అడ్డం. ఆమె గోళ్ళతో గీరింది, చొక్కాలు పట్టి లాగింది. ఒకడు చెంప చెళ్ళుమనిపించాడు.

అప్పుడు ఎర్రబండి డ్రైవరు హారన్ కొట్టాడు.

పొడుగ్గా, ఆపకుండా. నైరోబీ బండి కదులుతోందని. గుంపు ఒక్క క్షణం ఆగింది. నీలం చొక్కా మనిషి గడియారం చూసుకున్నాడు. ప్యాంటు కిందికి దించుకుని, బూటు ముందుభాగం గడ్డిలో రుద్ది, డబ్బా అందుకుని బండివైపు పరిగెత్తాడు. అతని వెనక అందరూ పరిగెత్తారు. తోసుకుంటూ, తిట్టుకుంటూ సీట్లు పట్టుకున్నారు. టైరు రోడ్డు మధ్య ఒంటరిగా గుండ్రంగా తిరిగి పడింది. బండి వెళ్ళిపోయింది. అందరూ వేళకు ఆఫీసులకు చేరి ఉంటారు.

బరాసాను పోలీసు జీపులో నైరోబీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఒక చేతికి బేడీ వేశారు.

ఆ తర్వాత ముసెంబి ముంబువాను బాగా చూసుకున్నాడు. డ్రైవరు పక్క సీటు ఇచ్చాడు, అది స్టేజీలో గౌరవం. ఆమె ముందు సీట్లో కూర్చుని, అద్దంలోంచి బరాసా పడిన చోటునే చూస్తూ గడియారం చూసుకునేది. మట్టి పోసినా మరక పోలేదు. మందాజీ కొట్టామె ఆమెకు టీ ఇవ్వడం మానేసింది. మాట కూడా అనలేదు, గ్లాసు నింపలేదు, అంతే.

కబురు కలేక్యే తెచ్చింది. ఆమె మరిది ఆ ఆసుపత్రిలో నేల తుడుస్తాడు. "బతికే ఉన్నాడు. దవడ విరిగింది, ఒక కన్ను కనబడదంటున్నారు. మంచానికి బేడీ వేశారు. దెబ్బ తగ్గగానే కేసు పెడతారట. దారిదోపిడీ కేసు. ఫోను పోయినామె వచ్చి చెప్తే జైలు, అబద్ధమని చెప్తే విడుదల. ఎవరూ రాకపోతే..." కలేక్యే తన పిడికిలి తెరిచి మూసింది. "పేదోడికి ఎవరూ రాకపోతే ఏమవుతుందో నీకు తెలియదా?"

"నేను చెప్తే నన్ను లోపలేస్తారు."

"వెయ్యొచ్చు. ముసెంబి ముందే చంపేస్తాడేమో." కలేక్యే ఆమె మొహంలోకి చూడలేదు. "నేనేం చెప్పలేనక్కా. నాకు పిల్లలున్నారు. కానీ నువ్వు కేక వేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నేనూ నోరు మూసుకున్నాను."

మర్నాడు ముంబువా బ్యాగులోంచి పాతబట్టలు తీసేసింది. గుర్తింపు కార్డు, నీళ్ళ సీసా, ఒక జత బట్టలు పెట్టుకుంది. జైల్లో పెడితే కావాలి కదా. బ్యాగు తేలికగా ఉంది. స్టేజీకొచ్చి, డ్రైవరు పక్కన కాకుండా లోపల మధ్య వరసలో కూర్చుంది. కిలోంజో తలకు కట్టుతో తలుపు దగ్గర కేకలు వేస్తున్నాడు. బండి నిండుతోంది. ఒక్కొక్క డమ్మీ దిగిపోతున్నారు. కలేక్యే దిగుతూ ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. ఆ సీట్లో నీలం చొక్కా మనిషి వచ్చి కూర్చున్నాడు, చొక్కా ఇవాళ తెలుపు. బూట్లు పాలిష్‌తో మెరుస్తున్నాయి. ఆఖరి మనిషి ఎక్కాడు. ఇంకా ఒక్కరు దిగాలి.

"అక్కా, నిండింది" అన్నాడు కిలోంజో.

ముంబువా ఛార్జీ తీసి చాపింది. అతను ఆ నోటును, ఆమెను చూశాడు. తీసుకున్నాడు. ఆఖర్న ఎక్కిన మనిషి బెంచీ చివర సగం ఒంటితో సర్దుకున్నాడు.

ముసెంబికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. టైర్ల కొట్టు దగ్గర్నుంచి నడిచొచ్చి తలుపు పట్టుకున్నాడు. "దిగు తల్లీ. ఎక్కడికి?"

"నైరోబీకి."

"నీకేం పని అక్కడ? దిగు. దిగకపోతే ఎలా దించాలో నాకు తెలుసు." రెండో చేతిలో పానా ఉంది. నవ్వడం లేదు.

ముంబువా ముందు సీటు కడ్డీ రెండు చేతులతో పట్టుకుంది. "కొట్టి దించు. ఇంతమంది చూస్తారు."

వెనకనుంచి ఎవరో, "ఏంటి ఆలస్యం?" అన్నారు. ఇంకొకరు, "పోనియ్యండయ్యా, లేటయితే గేటు వేసేస్తారు" అన్నారు. అందరికన్నా గట్టిగా పక్కనున్న మనిషే అరిచాడు. "ఏయ్ చైర్మన్, ఆమె డబ్బులిచ్చిన ప్యాసింజరు. నీ గొడవకి మా జీతాలు కోయిస్తావా? తలుపు వదులు." ఎవరో పైకప్పును అరచేత్తో బాదారు. తర్వాత ఇద్దరు, తర్వాత అందరూ బాదారు. రేకు దడదడలాడింది. వెనక వరుసలో ఒకడు లేచి నిలబడి చేతులు మడిచాడు.

ముసెంబికి ఆ చప్పుడు తెలుసు. మొన్న ఆ గుంపులో చేతులు పెట్టి చూశాడు. పానా వెనక్కి దాచుకుని తలుపు వదిలాడు. కిలోంజో దభేలుమని తలుపు లాగి వేశాడు. బండి కదిలింది. స్టేజీ వెనక్కి పోయింది, మరక ఉన్న చోటు పోయింది, తాళం వేసిన ఫ్యాక్టరీ గేటు కూడా పోయింది. ఈ బండిలో ఇంత దూరం ఆమె ఎప్పుడూ రాలేదు.

పక్కన మనిషి చొక్కా సర్దుకుని, తను చేసిన సాయానికి తృప్తిపడుతూ ఆమె వైపు తిరిగాడు. "మిమ్మల్ని రోజూ చూస్తుంటాను. ఎక్కడ చేస్తారు చెల్లీ?"

"నాకు పని లేదన్నా. ఆసుపత్రికి వెళ్తున్నాను. మొన్న మనం కొట్టిన మనిషి దగ్గరికి. ఆయన దొంగ కాదని పోలీసులకు చెప్పాలి."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "మనమా?"

"నేను అరిచాను. నువ్వు తన్నావు. ఆ బూట్లతోనే."

బరాసాను కొట్టినవాళ్ళు ఆ బండిలో ఇంకెంతమందున్నారో, ఎవరికి వాళ్ళకు తెలుసు. ఒకాయన కిటికీలోంచి బయటకు చూడటం మొదలుపెట్టాడు. పక్కన మనిషి బూట్లను సీటు కిందికి లాక్కున్నాడు.

"కండక్టర్" అన్నాడు పీలగా. "ఇక్కడ కాస్త ఆపుతావా? నేను దిగాలి."

కిలోంజో తలకట్టు సర్దుకున్నాడు. నోట్లు వేళ్ళ మధ్య మడిచి, రోడ్డువైపే చూస్తూ చెప్పాడు.

"నైరోబీ దాకా దిగడాల్లేవు సార్. కూర్చోండి."